సముద్రానికి వెళ్లే అక్కచెల్లెళ్లకు



సెలవులు వచ్చాయంటే పిల్లలు సముద్రం చూస్తామంటారు. కార్తీక పున్నమికి, మాఘ పున్నమికి సముద్ర స్నానాలకు ఊళ్లకు ఊళ్లే కదులుతాయి. ఏడాది పొడుగునా ఇంటి పని, పొలం పని చేసిన ఆడవాళ్లకు ఒక్కరోజు విహారం ఉండాలి. తప్పక వెళ్లండి. వెళ్లే ముందు ఈ నాలుగు మాటలు వినండి.

విశాఖపట్నం తీరం సంగతి చూద్దురు గాని. కృష్ణా, గోదావరి నదులు సముద్రంలో కలిసే చోట తీరం చదునుగా ఉంటుంది. విశాఖలో అలా కాదు. అక్కడ తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చేశాయి. కొండ, రాయి, నీరు ఒక్కచోట కనిపిస్తాయి.

విశాఖ నుంచి భీమిలికి తీరం వెంటే రోడ్డు ఉంది. సుమారు 25 కిలోమీటర్లు. దారిలో రుషికొండ వస్తుంది. తర్వాత తొట్లకొండ. సుమారు 2,000 ఏళ్ల కిందట అక్కడ బౌద్ధ సన్యాసులు ఉండేవారు. వాన నీళ్లు నిలవ చేసుకోడానికి రాతిలో తొట్లు తొలిచారు. అందుకే ఆ కొండకు ఆ పేరు. దగ్గరలోనే మంగమారిపేట. అక్కడ ఒడ్డున రాతి తోరణం ఉంది. దాన్ని ఏ శిల్పీ చెక్కలేదు. కెరటాలే కొట్టి కొట్టి చెక్కాయి. ఇంకా ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల కిందట గాలి తెచ్చి పోసిన ఇసుక అది. ఇనుము తుప్పు వల్ల ఎర్రబడింది. భీమిలి దగ్గర గోస్తని నది సముద్రంలో కలుస్తుంది.

ఇంత అందమైన తీరంలోనే ఏటా మనుషులు మునిగిపోతున్నారు. ఈత వచ్చినవాళ్లు కూడా పోతున్నారు. ఎందువల్ల?

కెరటాలు ఒకదాని వెనక ఒకటి ఒడ్డుకు నీళ్లు తెస్తాయి. ఆ నీళ్లన్నీ తిరిగి వెళ్లాలి కదా! పొలంలో గట్టు తెగితే ఏమవుతుంది? మడిలో నీరంతా ఆ గండిలోంచే జోరుగా పోతుంది. సముద్రంలోనూ అంతే. నీటి అడుగున ఇసుక గట్లు ఉంటాయి. ఆ గట్టుకు గండి పడిన చోట నీరు లోపలికి ఉరుకుతుంది. రాళ్ల పక్కన కూడా ఇలా జరుగుతుంది. ఆ ఉరవడి ఒక్కోసారి సెకనుకు 2 మీటర్ల దాకా ఉంటుంది. ఎంత గజఈతగాడైనా దానికి ఎదురీదలేడు.

దాన్ని గుర్తుపట్టడం ఎలా? అటూ ఇటూ కెరటాలు విరిగి తెల్లగా నురగ కడుతుంటాయి. మధ్యలో మాత్రం నీరు నున్నగా, కాస్త నల్లగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి, "ఇక్కడ కెరటాలు లేవు, పిల్లల్ని ఇక్కడ దింపుదాం" అంటారు. ప్రాణాలు తీసే చోటు అదే! కెరటం విరగని చోటు నెమ్మదైన చోటు అనుకోవద్దు.

ఎవరైనా అందులో చిక్కుకుంటే? ఆ నీరు మనిషిని కిందికి లాగదు. లోపలికి తీసుకుపోతుంది. కాబట్టి కంగారు పడొద్దు. ఎదురీదొద్దు. వెల్లకిలా తేలాలి. చెయ్యెత్తి కేక వెయ్యాలి. ఈత వస్తే ఒడ్డు వెంట పక్కకు ఈదాలి. ఆ పాయ దాటాక కెరటాలతో పాటు ఒడ్డుకు రావాలి.

ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే నీళ్లలోకి దూకొద్దు. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్లున్నాయి. తాడు విసరండి. మూత బిగించిన ఖాళీ డబ్బా విసరండి. పట్టుకుని తేలతారు. జాలర్లను పిలవండి. 112 నంబరుకు ఫోను చెయ్యండి.

ఇంకో సంగతి. సముద్రానికి రోజుకు సుమారు రెండుసార్లు పోటు వస్తుంది. రెండుసార్లు పాటు వస్తుంది. అమావాస్యకు, పున్నమికి పోటు మరీ ఎక్కువ. స్నానాల రోజు పున్నమే కదా! ఆ రోజు ఇంకా జాగ్రత్త కావాలి. రాతి తోరణాన్ని పాటు వేళే చూడాలి. ఏ వేళకు పాటో అక్కడి జాలర్లను అడగండి. పాచి పట్టిన రాళ్లు ఎక్కొద్దు. ఫోటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు. పెద్ద కెరటం చెప్పి రాదు.

తడిసిన చీర బరువెక్కుతుంది. కాళ్లకు చుట్టుకుంటుంది. అందుకని మోకాలి లోతు దాటొద్దు. ఒక చెంబు వెంట తీసుకెళ్లండి. ఒడ్డునే ముంచి నెత్తిన పోసుకోండి. లోతుకు వెళితే ఎక్కువ పుణ్యమని ఎవరన్నారు? పిల్లల్ని చెయ్యి అందేంత దూరంలో ఉంచుకోండి.

ఒడ్డున చాలాచోట్ల బోర్డులు ఉంటాయి. "ఇక్కడ స్నానం చేయరాదు" అని రాసి ఉంటుంది. ఎర్రజెండా కూడా కడతారు. ఇదివరకు ఆ బోర్డు పక్కనుంచే ఎంతోమంది నీళ్లలోకి దిగారు. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. బస్సు దిగగానే ముందు ఆ బోర్డు చదవండి. చదవడం రానివాళ్లు పక్కనుంటే వాళ్లకు గట్టిగా చదివి వినిపించండి.

వెళ్లిరండి. కళ్లారా చూసి రండి. ఎంతమంది వెళ్లారో అంతమందీ క్షేమంగా తిరిగి రండి.