వైద్యుని వాకిట వేచియుండుట

పంచాయతీ సభ్యులారా! ఆరోగ్య కేంద్రమునకు ప్రొద్దున్నే అందరును ఒక్కుమ్మడిగా చేరి, ఆనాటి కూలి పోగొట్టుకొని కూర్చుండుట మనమెరిగినదే. 1952లో ఇంగ్లండున బెయిలీ, వెల్చ్ అనువారు ఆసుపత్రులకు ఒక పద్ధతి సూచించిరి: ఆరంభమున ఇద్దరిని రప్పించి, పిదప ఒక్కొక్కరిని, ఒక రోగిని చూచుటకు సగటున పట్టు వ్యవధి చొప్పున పిలువవలెను. ఇద్దరెందుకందురా? ఒకరు రాకున్నను వైద్యుడు ఊరక కూర్చుండడు. బెయిలీ దీనిని, చీట్లు తీసినట్లు సంఖ్యలు తీసి, కాగితముపైనే పరీక్షించెను. నేడు కంప్యూటరు అట్టి ఊహా దినములను వేలకొలదిగా నడిపి చూపగలదు, రోగులపై ప్రయోగమక్కరలేదు.

కాని దానికి మన కేంద్రపు లెక్కలు కావలెను. రోగి వచ్చిన వేళ, లోనికి పోయిన వేళ, వెలుపలికి వచ్చిన వేళ వ్రాయింపుడని మేము కోరుచున్నాము. వైద్యుడు వచ్చిన వేళయు వ్రాయింపుడు. ఆయన ఆలస్యమైనచో ఏ పట్టికయు నిలువదు.