హాజరు పట్టీలో జ్వరం

వేదిక మీది పెద్దలకు, వెనక వరసల్లో ఫోన్లు ఎత్తిపట్టుకుని సిద్ధంగా ఉన్న అమ్మానాన్నలకు, ఈ ఉక్కపోతలో నల్లగౌన్లు తొడుక్కుని ఓపికపడుతున్న కొత్త డాక్టర్లకు నమస్కారం.

ఏం మాట్లాడమంటారని మీ ప్రిన్సిపాల్ గారిని అడిగితే, "పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పండి సార్" అన్నారు. మంచి మాటలు మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. నేను జబ్బుల లెక్కలు రాసుకుంటూ బతికినవాణ్ని. ఒక రిజిస్టరు గురించి చెబుతాను.

కొన్నేళ్ల కిందట, కార్తీక మాసం. మైపాడు వైపు సముద్రపు ఒడ్డున ఒక పట్టపుపాలెం. ఇద్దరు పిల్లలకు ఎలీసా రక్తపరీక్షలో డెంగీ తేలిందని కాగితం వచ్చింది. అందరూ చేసేదే మేమూ చేశాం. జీపు, పొగ మిషను, అబేట్ మందు, ఆశా కార్యకర్తలు, వెనకాల కేకలేస్తూ పిల్లకాయలు. పొగకి దగ్గు పట్టుకుని నేను బడిలోకి వెళ్లి కూర్చున్నాను. హెడ్మాస్టరు గారు టీ తెప్పించారు. మాటల్లో నాలుగో తరగతి హాజరు పట్టీ తీసి ముందు పెట్టారు. "చూడండి సార్, ఈ నెలంతా జొరాలే."

చూశాను. నెల మొదట్లో ఒక అబ్బాయి పేరు ఎదురుగా వరసగా ఆరు గైర్హాజర్లు. ఆ తర్వాత పేజీ మామూలుగా ఉంది. వాడు మొదట మానేసిన రోజు నుంచి లెక్కపెడితే పదిహేడో రోజున ముగ్గురు, మర్నాడు ఇంకొకరు. టీ చల్లారిపోయింది. ఎందుకంటే ఆ పదిహేడు రోజుల ఖాళీ ఖాళీ కాదు. జ్వరం బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందే వైరస్ రక్తంలో తిరుగుతుంటుంది, అంటే వాడు బడిలో కూర్చుని ఉన్నప్పుడే. అప్పుడు కుట్టిన దోమ ఒంట్లో వైరస్ పండటానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు. ఆ దోమ ఇంకో బిడ్డను కుట్టాక జ్వరం పైకి రావడానికి మరో నాలుగు నుంచి ఏడు రోజులు. పుస్తకంలో బొమ్మ గీసి చూపించే చక్రం మొత్తం, నీలి సిరాతో, ఆ పేజీలో ఉంది.

ముగ్గురివీ మూడు వీధులు. కలిసేది ఆ గదిలోనే. గది వెనక గోడకి ఆనించి, మధ్యాహ్న భోజనం పళ్లాలు కడగడానికి నీళ్లు పట్టిన నీలం డ్రమ్ము ఉంది. టార్చి వేస్తే తోకపురుగులు కిందికీ పైకీ. లోపల బల్లల కింద చీకటి, ఆ చీకట్లో పిల్లల పిక్కలు. డెంగీ మోసే ఏడిస్ దోమ పొద్దున, మళ్లీ సాయంత్రం చీకటి పడకముందు ఎక్కువగా కుడుతుంది. మనం దోమతెర కట్టేది రాత్రికి. మా పొగ మిషను మాత్రం వీధుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

ల్యాబు కాగితం నా చేతికి వచ్చేసరికి ఆ రిజిస్టరులో జ్వరం పాతబడిపోయింది. నేను ఇవాళ మీకు చెప్పదలచిన విషయం ఇదొక్కటే. బడి పిల్లల డెంగీ ఆస్పత్రి లెక్కల్లోకి ఆలస్యంగా ఎక్కుతుంది, చాలావరకు ఎక్కనే ఎక్కదు. హాజరు పట్టీలోకి మాత్రం అదే రోజు ఎక్కుతుంది.

ఇది నా కనిపెట్టుడు కాదు. థాయిలాండ్‌లోని కాంఫేంగ్ ఫెట్‌లో 1998 నుంచి కొన్నేళ్లపాటు 12 ప్రాథమిక పాఠశాలల పిల్లల్ని ఇలాగే గమనించారు. బడికి రాని బిడ్డ ఇంటికి ఆరోగ్య కార్యకర్త వెళ్లి, జ్వరమైతే రక్తం తీసుకునేది. అందులో తేలింది ఏమిటంటే, ఒక ఏడాది ఒక బడిని ఊపేసిన వైరస్ పక్క ఊరి బడిని ముట్టనైనా ముట్టదు. జిల్లా సగటు చూసి కూర్చునేవాళ్లకు ఇది కనిపించదు. మరి పిల్లల్లో చాలామందికి ఇన్ఫెక్షన్ వచ్చినట్టే తెలియదు. ఒళ్లు వెచ్చబడదు, బడి మానరు, దోమకి మాత్రం వైరస్ అందిస్తారు. కాబట్టి హాజరు పట్టీ కూడా మొత్తం చెప్పదు. ఆస్పత్రి కంటే ముందు చెబుతుంది, అంతే.

లెక్కకెక్కకపోవడం ఎంత పెద్దదో ఒక అంకె చెబుతాను. మదురై జిల్లా వివరాల ఆధారంగా 2014లో ఒక అధ్యయనం వచ్చింది. 2006 నుంచి 2012 దాకా మన దేశంలో ఏటా సగటున నమోదైన డెంగీ కేసులు 20,474. డాక్టర్ల దగ్గరికి వచ్చినవి నిజానికి సుమారు 58 లక్షలని వాళ్ల అంచనా. 282 రెట్లు! సర్కారు లెక్కకి ఎలీసా కావాలి. వీధి చివరి క్లినిక్‌లో కార్డు టెస్టు చేయించుకుని, సెలైను ఎక్కించుకుని ఇంటికెళ్లిన బిడ్డ ఏ లెక్కలోనూ లేదు. మనవాళ్లు దానికి 'విషజ్వరం' అని పేరు పెట్టి ఊరుకుంటారు.

రక్తం మాత్రం మరిచిపోదు. 2017, 18ల్లో ఐసీఎంఆర్ 15 రాష్ట్రాల్లో 60 జిల్లాలు తిరిగి 12,300 మంది రక్తంలో డెంగీ యాంటీబాడీలు వెతికింది. 5 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో 28.3 శాతం, 9 నుంచి 17 మధ్య 41 శాతం, 18 దాటినవాళ్లలో 56.2 శాతం. దక్షిణాదిలో అన్ని వయసులూ కలిపి 76.9 శాతం. మనకి రైల్లో మూడు గంటల దూరంలో ఉన్న చెన్నైలో 2011లో తీసిన నమూనాల్లో అయితే 93 శాతం. అంటే ఈ తీరం మీద డెంగీ మొదటిసారి తగిలేది ఎక్కువగా పలకా బలపం పట్టుకునే వయసులో, రెండోసారి తగిలేది బడి సంచీ మోసే వయసులో.

ఆ రెండోసారే మన తలనొప్పి. వైరస్ నాలుగు రకాలు. ఒకటి వచ్చి తగ్గితే దాని నుంచి రక్షణ ఉంటుంది గానీ, వేరే రకం వచ్చినప్పుడు పాత యాంటీబాడీలు కాపలా కాయాల్సింది పోయి తలుపు తీస్తాయి. 1960లలో బ్యాంకాక్ పిల్లల వార్డుల్లో స్కాట్ హాల్‌స్టెడ్ దీన్ని పట్టుకున్నారు. తీవ్రంగా జబ్బుపడ్డ పిల్లల్లో ఎక్కువమందికి అది రెండోసారి. నమ్మనివాళ్లు చాలాకాలం నమ్మలేదు. ఫిలిప్పీన్స్‌లో 2016 ఏప్రిల్‌లో బడిపిల్లలకు డెంగీ టీకా మొదలుపెట్టారు. ఎనిమిది లక్షల మందికి పైగా వేశారు. 2017 నవంబరులో తయారీ కంపెనీయే ప్రకటించింది, ఇదివరకు డెంగీ రాని పిల్లలకు ఈ టీకా వల్ల తర్వాత తీవ్రమైన జబ్బు వచ్చే ప్రమాదం పెరగొచ్చని. మరుసటి నెల ఆపేశారు. ఆ దెబ్బకి తల్లులకు మిగతా టీకాల మీద కూడా నమ్మకం సడలింది. ఏ వయసులో నూటికి ఎందరికి వచ్చి పోయిందన్న అంకె పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న అనుకుంటారేమో, అందుకని చెబుతున్నాను. మన దేశీ టీకా మూడో దశ పరీక్ష 2024 ఆగస్టులో రోహ్‌తక్‌లో మొదలైంది, అదీ పెద్దవాళ్ల మీద. పిల్లల వంతు వచ్చేదాకా మన చేతిలో ఉన్నది డ్రమ్ముల మీద మూతలే.

ఇక నా తప్పు ఒకటి. హౌస్ సర్జన్సీ అయిన కొత్తలో ఒక ఆస్పత్రిలో పిల్లల వార్డు చూస్తున్నాను. జ్వరం వచ్చిన ఐదో రోజు. ఎనిమిదేళ్ల పిల్లకి డెంగీ జ్వరం దిగిపోయింది. ఇంటికి పంపేస్తున్నాను. తల్లి నసుగుతూ అంది, "సార్, కాక పోయింది గానీ కాళ్లు చల్లంగా ఉండాయి. పలకరిస్తే ఇసుక్కుంటా ఉంది." నీరసంలే అమ్మా అన్నాను. ఆ రాత్రి పదిన్నరకి ఆటోలో తిరిగి తీసుకొచ్చారు. చేతి నాడి అందలేదు. సిస్టరమ్మ నా కంటే ముందు నరం దొరకబుచ్చుకుంది కాబట్టి ఆ పిల్ల బతికింది. పిల్లల్లో రక్తనాళాల నుంచి నీరు కారిపోవడం పెద్దవాళ్లలో కంటే తేలిగ్గా జరుగుతుంది, జ్వరం దిగే వేళకే జరుగుతుంది. ఆ తల్లి చెప్పిన రెండు ముక్కల్లోనూ అది ఉంది. నేను ఉష్ణోగ్రత చార్టు చూస్తున్నాను.

మీ దగ్గరికి వచ్చేవాళ్లు అడిగే మొదటి మాట "కౌంట్ ఎంత సార్?" ప్లేట్‌లెట్ల అంకె ఇప్పుడు మన ఊళ్లలో క్రికెట్ స్కోరు లాంటిది. బొప్పాయి ఆకు రసం సంగతి వేరే చెప్పక్కర్లేదు. మీరు పీసీవీ, అంటే రక్తం చిక్కదనం, చూడండి, కడుపునొప్పి అడగండి, ఆగని వాంతులు అడగండి, ఒంటేలు ఎన్నిసార్లు పోసిందో అడగండి. అరికాళ్లు పట్టుకుని చూడండి.

మన తీరానికి ఈ జ్వరం కొత్త కాదు. 1780లో మద్రాసులో ఇలాంటి జ్వరాలే రేగినట్టు రాసిపెట్టి ఉంది. 1963లో కలకత్తాలో లేచిన డెంగీ మరుసటి ఏడు విశాఖపట్నం చేరింది. కానీ ఎక్కడో రాసిన పాఠం ఇక్కడికి అతకదు. పుస్తకాల్లో డెంగీ కాలం నైరుతి వానలతో మొదలవుతుంది. నెల్లూరు వాన ఈశాన్యపుది, అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా. ఒడ్డున బావి నీళ్లు ఉప్పన. తాగేనీళ్లు ట్యాంకరు వస్తేనే, కాబట్టి ఏ ఇంటి ముందు చూసినా డ్రమ్ములు. ఈ దోమ గుడ్డు తడి ఆరిన డ్రమ్ము గోడకి అంటుకుని నెలల తరబడి ఉండి, నీళ్లు తగలగానే పగులుతుంది. శుక్రవారం డ్రైడే అని నీళ్లు ఒంపేస్తే సరిపోదు, పీచు పెట్టి గోడ తోమాలి. ఉప్పునీళ్లలో డెంగీ దోమ పెరగదని ఒక ధైర్యం ఉండేది. 2011లో శ్రీలంక శాస్త్రజ్ఞులు జాఫ్నా, బట్టికలోవా తీరాల్లో మూలపడ్డ పడవల్లో, పాడుబడ్డ బావుల్లో, సగం ఉప్పునీళ్లలో దాని పిల్లల్ని చూపించారు. మన పాలేల్లో మూలపడ్డ పడవలకేం కొదవ?

  

ఆ పట్టపుపాలెం బడి హెడ్మాస్టరు గారు రిటైరయ్యే ముందు ఒక అలవాటు పెట్టి వెళ్లారు. జ్వరంతో రాని పిల్ల పేరు దగ్గర ఎర్రసిరా చుక్క. కొత్త టీచరమ్మ వానాకాలం మొదలయ్యాక వారానికోసారి ఆ పేజీ ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపుతుంది. నిన్న రాత్రి వచ్చింది. మూడో తరగతి, ఒక్క చుక్క, గురువారంది. పదిహేడు రోజులు ఇంకా నిండలేదు. భోజనాలు కాగానే నేను అటే వెళుతున్నాను. కారులో ఇద్దరికి చోటుంది. గౌన్లు ఇక్కడే ఇచ్చేసి రండి, అక్కడ వంగి డ్రమ్ముల్లోకి చూడాలి.