పిల్లలతో గోవా వెళ్తున్నారా? హోటల్ ఫొటోలు కాదు, ఈ ఐదు టైమ్‌లు చూడండి

ఈ ఎపిసోడ్‌లో డ్రోన్ షాట్లు లేవు, ఫుడ్ టూర్ లేదు. ఒక తలుపు గురించి చెప్తాను. చివరిదాకా ఉండండి, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లు.

పోయిన డిసెంబర్‌లో అక్క, బావ, వాళ్లిద్దరు పిల్లలు, అమ్మ, నేను, మొత్తం ఆరుగురం గోవా వెళ్లాం. పాపకి ఏడేళ్లు, చిన్నోడికి మూడేళ్లు. "ఊళ్లు తిరిగేది నువ్వే కదరా, హోటల్ నువ్వే చూడు" అంది అక్క. నేను ఫుల్ కాన్ఫిడెన్స్. జాబ్ మానేసి వీడియోలు మొదలుపెట్టినప్పటి నుంచి గోవా చాలాసార్లు వెళ్లొచ్చా. నార్త్ గోవాలో మంచి రేటింగ్ ఉన్న హోటల్ ఒకటి పట్టుకున్నా. పూల్ యాక్సెస్ రూమ్ బుక్ చేశా. రీల్స్‌లో చూసే ఉంటారు, బెడ్ దిగి గ్లాస్ డోర్ జరిపితే ఎదురుగా స్విమ్మింగ్ పూల్. ఫొటోలు పంపిస్తే అక్క దగ్గర్నుంచి అన్నీ హార్ట్ ఎమోజీలే.

రెండో రోజు పొద్దున్న ఆరు. అందరం నిద్రలో ఉన్నాం. పిల్లల సంగతి తెలుసు కదా, స్కూల్‌కి లేపితే లేవరు, టూర్‌కి వెళ్తే కోడికంటే ముందే లేస్తారు. చిన్నోడు లేచాడు. ఆ డోర్ గడియ వాడి చేతికి అందే ఎత్తులోనే ఉంది. తీసేశాడు. డోర్ జరిగిన చప్పుడుకి బావకి మెలకువ వచ్చింది. పరిగెత్తి పట్టుకునేసరికి వాడు పూల్ అంచు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టి ఆడుకుంటున్నాడు.

ఏమీ కాలేదు ఫ్రెండ్స్. వాడు బాగున్నాడు. బావ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. టిఫిన్ దగ్గర అక్క మాత్రం మెల్లగా అడిగింది, "ఆ డోర్ చప్పుడు చేయకుండా ఉండి ఉంటే?" అని. నా దగ్గర సమాధానం లేదు.

ఇందులో హోటల్ వాళ్లని అనడానికి ఏమీ లేదు. ఫొటోలో ఏది చూపించారో అదే ఇచ్చారు. తప్పు నాది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మా లీడ్ ఎప్పుడూ అడిగేవాడు, "దీన్ని వాడేది ఎవరు?" అని. ఇక్కడ వాడేది మూడేళ్ల పిల్లాడు. నేను మాత్రం నా కళ్లతో చూసి బుక్ చేశా. నీళ్లలో మునిగి చనిపోయే ప్రమాదం ప్రపంచం మొత్తంలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లోనే ఎక్కువ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. సినిమాల్లోలాగా చేతులు కొట్టుకుంటూ కేకలు పెట్టరు. చాలాసార్లు చప్పుడే ఉండదు.

అందుకే ఇప్పుడు నేను హోటల్ చూసే పద్ధతి మార్చేశా. రేటింగ్ తర్వాత. ముందు ఆ పిల్లల రోజు ఆ హోటల్లో ఎలా నడుస్తుందో ఊహించుకుంటా. ఐదు టైమ్‌లు.

మొదటిది, పొద్దున్న ఆరు. పెద్దవాళ్లు నిద్రలో ఉండి పిల్లలు లేచే టైమ్. రూమ్ తలుపుకి పైన గడియ ఉందా? పూల్ చుట్టూ కంచె, గేటు ఉన్నాయా? పిల్లల పూల్ వేరుగా ఉందా, లోతు ఎంత? నాలుగడుగుల లోతు అంటే మనకి ఛాతీ దాకా, మూడేళ్లవాడికి తల మునిగిపోతుంది. ఇంకొకటి, బాల్కనీ. ఆ రోజే మేం రూమ్ మార్పించుకున్నాం, పై అంతస్తులో ఇచ్చారు. హమ్మయ్య అనుకుని చూస్తే బాల్కనీ రెయిలింగ్‌కి అన్నీ అడ్డ కడ్డీలు! పిల్లలకి అది నిచ్చెన. పక్కనే రెండు కుర్చీలు. కుర్చీలు లోపల పెట్టి, డోర్‌కి అడ్డంగా సూట్‌కేసు పెట్టి పడుకున్నాం. నిలువు కడ్డీలు దగ్గర దగ్గరగా ఉంటే నయం. ఇవన్నీ హోటల్ వాళ్లు పెట్టిన ఫొటోల్లో సరిగ్గా కనిపించవు, గెస్ట్‌లు పెట్టిన ఫొటోల్లో కనిపిస్తాయి.

రెండోది, పది గంటలకి బీచ్. గోవా అంతా ఒకటి కాదు. బాగా, కలంగూట్ వైపు జనం, వాటర్ స్పోర్ట్స్, సందడి ఎక్కువ. బ్యాచిలర్ ట్రిప్‌కి ఓకే. సౌత్‌లో కోల్వా, బెనౌలిం, వార్కా, కవెలోసిం వైపు ఇసుక కిలోమీటర్ల కొద్దీ సాగిపోతుంది. కోల్వా దగ్గర కాస్త జనం ఉంటారు, కిందికి వెళ్లేకొద్దీ తగ్గుతారు. ఇంకా దక్షిణాన పాలోలెం అర్ధచంద్రాకారంలో ఉంటుంది, అలలు కాస్త నెమ్మది. అక్కడ బీచ్ మీదే వెదురు గుడిసెలు దొరుకుతాయి, చూడటానికి సూపర్. కానీ పాకే పిల్లలుంటే మెట్లు, రెయిలింగ్ ఎలా ఉన్నాయో అడిగాకే తీసుకోండి.

"బీచ్‌కి 200 మీటర్లు" అని రాసి ఉంటే నమ్మేయకండి. మ్యాప్స్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి దారి చూడండి. మధ్యలో మెయిన్ రోడ్ ఉందా, నడిచే బాట ఉందా, పక్కన బిల్డింగ్ కడుతున్నారా? ఇక సీజన్. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా రూమ్‌లు చవగ్గా వస్తాయి, కానీ సముద్రం చాలా రఫ్‌గా ఉంటుంది. ఆ టైమ్‌లో పిల్లలతో వెళ్తే ఇండోర్ ప్లే ఏరియా ఉన్న హోటల్ తీసుకోండి, సముద్రాన్ని దూరం నుంచి చూపించండి. ఏ సీజన్‌లో అయినా ఎర్ర జెండా ఉంటే దిగకూడదు. ఎరుపు, పసుపు కలిసిన జెండాలు రెండింటి మధ్యలోనే లైఫ్‌గార్డులు చూస్తుంటారు. పిల్లలు అక్కడ మాత్రమే, అది కూడా మీ చేతికి అందేంత దూరంలో.

మూడోది, మధ్యాహ్నం ఒంటిగంట. అన్నం, నిద్ర. హోటల్లో రెస్టారెంట్ ఉందా? కారం లేకుండా పప్పన్నమో పెరుగన్నమో చేసి పెడతారా? రూమ్‌లో కెటిల్, చిన్న ఫ్రిజ్ ఉన్నాయా? పాలు కాచుకునే వయసు పిల్లలుంటే చిన్న కిచెన్ ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంటే బెటర్. చెక్-ఇన్ చాలా చోట్ల మధ్యాహ్నం రెండుకి. మీ ఫ్లైట్ పొద్దున్న తొమ్మిదికి దిగితే ఐదు గంటలు లాబీ సోఫాలో ఏడుపులు. ముందే మాట్లాడుకోండి. అన్నట్టు గోవాకి రెండు ఎయిర్‌పోర్టులు. పాతది దబోలిం, 2023 జనవరిలో మొదలైనది ఉత్తరాన మోపా. టికెట్ వంద తక్కువని మోపాలో దిగి పాలోలెంలో రూమ్ తీసుకుంటే కారులోనే రెండు గంటల పైన పడుతుంది. ముందు హోటల్ ఏ వైపో తేల్చుకుని, తర్వాత టికెట్ చూడండి.

నాలుగోది, రాత్రి ఎనిమిదిన్నర. మనకి పార్టీ మొదలయ్యే టైమ్, పిల్లలకి పడుకునే టైమ్. రూల్ ప్రకారం రాత్రి పది దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. మరి పది దాకా? హోటల్ చుట్టుపక్కల క్లబ్బులు ఎన్ని ఉన్నాయో మ్యాప్‌లో చూసుకోండి. హోటల్‌లోనే పెళ్లిళ్ల లాన్ ఉంటే మీ తేదీల్లో ఫంక్షన్ ఉందేమో అడగండి.

ఐదోది, రాత్రి రెండు. పిల్లాడికి జ్వరం. దీని గురించి ఎవరూ ఆలోచించరు. మన హైదరాబాద్‌లోలాగా యాప్ నొక్కగానే క్యాబ్ వస్తుందనుకోకండి. రాత్రి కారు ఏర్పాటు చేస్తారా, దగ్గర్లో పిల్లల డాక్టర్ ఎక్కడ అని రిసెప్షన్‌లో అడగండి. పెద్ద ప్రభుత్వ హాస్పిటల్ అంటే పణజి దగ్గర బాంబోలింలో గోవా మెడికల్ కాలేజ్, సౌత్‌లో మడ్‌గావ్‌లో జిల్లా ఆస్పత్రి. పాలోలెం నుంచి మడ్‌గావ్‌కి దాదాపు గంట దారి. అంబులెన్స్‌కి 108. జ్వరం మందు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు బ్యాగ్‌లో వేసుకోవడం మర్చిపోవద్దు.

ఇప్పుడు బుకింగ్. యాప్‌లో పిల్లల సంఖ్య, వయసు కరెక్ట్‌గా కొట్టండి. రేటు తక్కువ చూపిస్తుందని ఇద్దరు పెద్దలు అని మాత్రమే పెడితే, కౌంటర్ దగ్గర ఎక్స్‌ట్రా బెడ్‌కి, బ్రేక్‌ఫాస్ట్‌కి మళ్లీ కట్టాలి. ఎన్నేళ్ల దాకా ఫ్రీ అనేది ఒక్కో హోటల్‌కి ఒక్కోలా ఉంటుంది. రివ్యూల్లో సెర్చ్ బాక్స్ ఉంటుంది కదా, అందులో "కిడ్స్", "పూల్", "నాయిస్", "దోమలు" అని ఇంగ్లిష్‌లో కొట్టండి. కొత్త రివ్యూలు ముందు చదవండి. ఆఖరికి హోటల్‌కే ఫోన్ చేసి, మీకు చెప్పినవన్నీ వాట్సాప్‌లో రాసి పంపమనండి. మూడేళ్ల బాబు ఉన్నాడంటే "ప్రాబ్లమ్ ఏం లేదు సార్" అని వదిలేసే హోటల్ ఒకటి, "అయితే పూల్ పక్క రూమ్ వద్దు సార్, వెనక వైపు ఇస్తాం" అనే హోటల్ ఇంకొకటి. రెండో దానికి స్టార్ ఒకటి తక్కువున్నా పర్లేదు, కళ్లు మూసుకుని తీసుకోండి.

మేం చివరి రెండు రోజులు బెనౌలిం వైపు ఒక మామూలు గెస్ట్‌హౌస్‌కి మారాం. పూల్ లేదు, రీల్‌కి పనికొచ్చేది ఏమీ లేదు. తలుపుకి పైన గడియ ఉంది. బావ ఆ రెండు రోజులే నిద్రపోయాడు.

మొన్న అక్క ఫోన్ చేసి నెక్స్ట్ సమ్మర్ ట్రిప్ గురించి అడిగింది. లింక్ పంపించా. ఈసారి హార్ట్ ఎమోజీ రాలేదు. "ముందు తలుపు ఫొటో పంపురా" అంది.

మీరు పిల్లలతో వెళ్లినప్పుడు హోటల్లో ఏం చూసుకుంటారో కామెంట్స్‌లో చెప్పండి, వేరే అమ్మానాన్నలకి పనికొస్తుంది. గోవా టికెట్లు బుక్ చేసిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇది వాళ్లకి పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై ఫ్రెండ్స్.