ఉప్పాడ ఒడ్డుకు ఇసుక ఎందుకు తిరిగి రావడం లేదు?

సూరత్ పక్కనున్న సచిన్‌లో మరమగ్గాల మీద పనిచేసే తెలుగువారికి ఉప్పాడ అనగానే జాంధానీ చీర గుర్తొస్తుంది. తీరాన్ని చదివే శాస్త్రవేత్తలకు మాత్రం కాకినాడ పక్కనున్న ఆ ఊరు కోతకు పెట్టింది పేరు. సూరాడపేట, మాయపట్నం లాంటి మత్స్యకార పేటల్లో ఇళ్లూ కొబ్బరిచెట్లూ ఏళ్ల తరబడి సముద్రంలో కలిసిపోతున్నాయి.

సూరత్ వైపు సముద్రం రేగేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. అక్కడి డుమస్ బీచ్ నల్ల ఇసుకకు దెబ్బ ఆ నెలల్లోనే, చలికాలంలో కెరటాలు నెమ్మదిస్తాయి. కోస్తాంధ్రకు తుపాన్ల గండం ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖను తాకింది. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది.

తుపాను గాలి నీటిని ఒడ్డుకు తోసి సముద్రమట్టాన్నే లేపుతుంది. అప్పుడే పోటు కూడా కలిస్తే, మామూలు రోజుల్లో తడవని చోటికి కెరటం ఎక్కుతుంది. ఒకదాని వెంట ఒకటి వచ్చి పడే అలల నీరు ఇంకే వ్యవధి ఉండదు. వెనక్కి మళ్లుతూ ఇసుకను లాక్కుపోయి, కాస్త దూరంలో నీటి అడుగున దిబ్బగా పోస్తుంది. సముద్రం శాంతించాక చిన్న అలలు నెలల పాటు ఆ ఇసుకనే ఒడ్డుకు తెచ్చి వేస్తాయి.

కొండచరియకు ఆ అవకాశం లేదు. కేరళలోని వర్కలలో లాగా అల అడుగు భాగాన్ని తొలిచి, వాన నీరు పైనుంచి దిగితే, పైభాగం బరువుకు విరిగిపడుతుంది. అది మళ్లీ లేవదు.

ఉప్పాడలో ఇసుక తిరిగి రావడమే తగ్గిపోయింది. తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఆ ఇసుకను అందించే గోదావరి ఒండ్రును ఆనకట్టలు పట్టి ఉంచుతున్నాయి. కాకినాడ ఎదుట ఉత్తరంగా సాగిన హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ కెరటాల దారిని మార్చింది.

ఉప్పాడ ఒడ్డున ఇసుక నింపిన భారీ గుడ్డ గొట్టాలతో (జియోట్యూబులతో), రాళ్లతో గోడ కట్టినా తుపాన్లకు అదీ దెబ్బతింది. గోడను కొట్టిన కెరటం మళ్లుతూ దాని పాదం దగ్గరే తవ్వుతుంది, రాళ్లు ఆ గుంతలోకి జారిపోతాయి. అక్కడి బీచ్ రోడ్డు తెగిన చోట కనిపించేది తారు పొర, దాని కింద కంకర, ఆ కింద వట్టి ఇసుక.

విశాఖలో ఔటర్ హార్బర్ కట్టడాలు ఇసుక నడకకు అడ్డుపడడంతో, పోర్టు తవ్విన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోస్తున్నారు. ఎప్పటికీ ఆగని ఖర్చే, అయినా అదే సరైన దారి. ఉప్పాడకూ రాళ్లతో పాటు ఇసుక కావాలి. అందుకు కాకినాడ రేవులో తవ్వేది ఒడ్డున నిలిచే ముతక ఇసుకా, కొట్టుకుపోయే బురదా అన్నది ముందు పరీక్షించాలి.