చక్కెర జబ్బు - నర్సమ్మ నేర్పే చదువు



జ్వరం వస్తుంది. నాలుగు రోజులు ఉంటుంది. మాత్రలు మింగితే పోతుంది. కొన్ని జబ్బులు అట్లా కాదు. ఒకసారి వచ్చినాయంటే ఇంట్లో మనిషి మాదిరి ఉండిపోతాయి. చక్కెర జబ్బు అట్లాంటిది. బీపీ కూడా అంతే.

2023లో ఒక పెద్ద సర్వే లెక్కలు బయటికి వచ్చినాయి. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర జబ్బు ఉందని ఆ లెక్క. ఇది పట్నం జబ్బు, కూర్చుని తినేవాళ్ళ జబ్బు అనే మాట పాతబడింది. ఎండలో కలుపు తీసే కూలి తల్లికి కూడా వస్తుంది.

డాక్టరు జబ్బును కనిపెడతాడు. మందు రాస్తాడు. అది నెలకు ఒకసారి, ఐదు నిమిషాల పని. మిగతా రోజులన్నీ జబ్బును చూసుకునేది ఎవరు? జబ్బు ఉన్న మనిషే. ఏం తినాలి, మాత్ర ఎప్పుడు మింగాలి, కాలికి పుండు పడిందా లేదా - ఇవన్నీ ఆమె చూసుకోవాలి. ఆమెకు ఆ పని నేర్పేది నర్సమ్మ.

ఈ జబ్బుల కోసం ప్రభుత్వం 2010లో ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2018 నుంచి పల్లెల్లోని ఆరోగ్య ఉపకేంద్రాలను పెంచి, నర్సింగు చదివినవాళ్ళను అక్కడ పెడుతూ వచ్చింది. 30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ అక్కడ బీపీ, సుగరు చూస్తారు. డబ్బు తీసుకోరు. వేలి కొసన సూదితో పొడిచి ఒక చుక్క రక్తం తీస్తారు. అంతే. దానికి భయపడి ఆశమ్మ వచ్చినప్పుడు పెరట్లోకి పోయి దాక్కునేవాళ్ళు ఉన్నారు!

పరగడుపున చూస్తే సుగరు 126, అంతకు మించి ఉంటే జబ్బు ఉన్నట్టు అనుమానం. మళ్ళీ ఒకసారి చూసి ఖాయం చేస్తారు. బీపీ 140 కింద 90, అంతకు మించి ఉంటే ఎక్కువ అని లెక్క. ఈ అంకెలు పలకమీద రాసి చూసుకోండి.

నర్సమ్మకూ ఒక అవ్వకూ మాటలు ఇట్లా జరుగుతాయి అనుకోండి.

"ఏం అవ్వా, బీపీ మాత్ర మింగుతున్నావా?"

"లేదమ్మా, నిలిపేసినా. బాగానే ఉండాను కదా. తల తిరగడం లేదు, నొప్పి లేదు. ఇంక మాత్ర ఎందుకు?"

"మాత్ర మింగినావు కాబట్టే బాగుండావు అవ్వా. నిలిపేస్తే బీపీ మళ్ళీ పెరుగుతుంది. పెరిగినట్టు నీకు తెలీదు. ఒకరోజు కాలూ చెయ్యీ పడిపోతే అప్పుడు తెలుస్తుంది."

అవ్వ అబద్ధం చెప్పలేదు. అది చూడండి. నర్సమ్మ నెమ్మదిగా అడిగింది కాబట్టి అవ్వ నిజం చెప్పింది. కసురుకునే నర్సు దగ్గర ఎవరూ నిజం చెప్పరు. "మింగుతున్నా తల్లీ" అని తల ఊపి వచ్చేస్తారు. అప్పుడు మందు పని చేయలేదని డాక్టరు ఇంకో మాత్ర పెంచుతాడు. నష్టం ఎవరికి? కాబట్టి నర్సమ్మ కసిరినా సరే, నిజమే చెప్పండి.

ఇక తిండి సంగతి. మన సీమలో ఒకప్పుడు జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది. అది మంచిదే. కానీ మూడు పూటలా తెల్లన్నమే తినడం కూడా అలవాటయింది. ఇప్పుడు సుగరు వచ్చిందనగానే ఊర్లో ఒక మాట చెబుతారు. "సంగటి తిను, ఎంతయినా తిను, ఏం కాదు" అని. ఇది తప్పు. సంగటిలోనూ, కొర్రల్లోనూ పిండిపదార్థం ఉంది. అది కూడా కడుపులోకి పోయి చక్కెరే అవుతుంది. పెద్ద ముద్ద తింటే పెద్ద ముద్దంత సుగరు పెరుగుతుంది. ముద్ద చిన్నది చేయాలి. పప్పు, ఆకుకూర పెంచాలి.

మంచి నర్సమ్మ "అన్నం మానెయ్" అని ఊరుకోదు. పనికి ఎప్పుడు పోతావు, సద్ది ఏం కట్టుకుంటావు, ఇంట్లో ఎవరు వండుతారు అని అడుగుతుంది. ఆడవాళ్ళు అందరికీ పెట్టి, చివరకు మిగిలింది తింటారు. ఒక్కోరోజు తినకుండానే పడుకుంటారు. సుగరు మాత్ర మింగి, లేదా ఇన్సులిన్ సూది వేసుకుని, తినకుండా ఉంటే ప్రమాదం. సుగరు మరీ పడిపోతుంది. చెమటలు పోస్తాయి. చేతులు వణుకుతాయి. కళ్ళు తిరుగుతాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తాగాలి. చేనికి పోయేటప్పుడు కొంగుకు బెల్లం ముక్క కట్టుకోండి. మనిషి స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి.

ఇన్సులిన్ దగ్గర ఇంకో సంగతి ఉంది. ఇది అంకెలు నేర్చినవాళ్ళకు బాగా పనికొచ్చే సంగతి. ఇన్సులిన్ సీసాలు రెండు రకాలు. ఒకదాని మీద 40 అని ఉంటుంది. ఇంకోదాని మీద 100 అని ఉంటుంది. సిరంజిలూ రెండు రకాలే. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటాయి. సీసా మీద ఏ అంకె ఉంటే సిరంజి మీద అదే అంకె ఉండాలి. 100 సీసా మందును 40 సిరంజితో తీస్తే, రెండున్నర రెట్ల మందు ఒంట్లోకి పోతుంది. ప్రాణం మీదికి వస్తుంది. దుకాణంవాడు ఇచ్చినాడు కదా అని తెచ్చుకోవద్దు. అక్కడే నిలబడి రెండు అంకెలూ చదవండి.

ఎండాకాలం మన దిక్కు 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఇన్సులిన్ చెడిపోతుంది. ఫ్రిజ్ లేకపోతే ఏం చేయాలి? పెద్ద మట్టికుండలో ఇసుక పోసి తడపాలి. దాంట్లో చిన్న కుండ పెట్టాలి. సీసాను ప్లాస్టిక్ కవరులో కట్టి చిన్న కుండలో ఉంచాలి. నీడలో పెట్టాలి. ఇసుక ఆరకుండా పొద్దున, సాయంత్రం నీళ్ళు చల్లాలి. ఫ్రిజ్ ఉన్నవాళ్ళు మంచు గట్టే పైఅరలో మాత్రం పెట్టొద్దు.

కాళ్ళ మాట. చక్కెర జబ్బు ముదిరితే పాదాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా తెలీదు. అది పుండవుతుంది. పుండు మానదు. చివరకు వేలు, కాలు తీసేయాల్సి వస్తుంది. చేను భూమితల్లి అని చెప్పులు గట్టు మీద విడిచి దిగేవాళ్ళు ఉన్నారు. ఆ భక్తిని ఎగతాళి చేయాల్సిన పని లేదు. గట్టు మీద మొక్కి, చెప్పులతోనే దిగవచ్చు. సాయంత్రం కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, దీపం వెలుగులో అరికాలు చూసుకోండి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టి చూడండి. పుండు కనబడితే పసుపు, ఆకు పసరు పెట్టి రోజులు గడపొద్దు. మరుసటి రోజే నర్సమ్మకు చూపించండి.

నర్సమ్మ ఇచ్చే చీటీ పోతుంది. నలుగుతుంది. అందుకని ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, సుగరు, బీపీ, మాత్ర పేరు - నాలుగు గళ్ళు గీసుకుంటే చాలు. పిల్లలతో రాయించకండి, మీరే రాయండి. మాత్రల అట్ట మీద గడువు తేదీ ఉంటుంది. దాన్నీ చదవండి. మొగుడికి సుగరు ఉన్నా పుస్తకం రాసేది ఇంటామెనే కదా!

కర్నూలు పడమటి పల్లెల నుంచి చాలా కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతలకు పోతాయి. రెండు మూడు నెలలు అక్కడే ఉంటారు. నెల మాత్రలు అయిపోతాయి. అట్లా ఊరు విడిచి ఎక్కడికి పోయినా వారం ముందే నర్సమ్మకు చెప్పాలి. ఎక్కువ రోజులకు మాత్రలు ఇవ్వమని అడగాలి. నోటుపుస్తకం మూటలో వేసుకుని పోవాలి. అక్కడి ఆసుపత్రిలో ఆ పుస్తకం చూపితే, ఏ మాత్ర ఎంత మింగుతున్నారో వాళ్ళకు తెలుస్తుంది.