సప్తనదుల సంగమేశ్వరుడు

కర్నూలు సీమలో పుణ్యక్షేత్రాలకు కొదువ లేదు. అహోబిలం, మహానంది, యాగంటి ఏ మాసంలో వెళ్లినా దర్శనమిస్తాయి. సంగమేశ్వరుడు మాత్రం కృష్ణమ్మ దారి ఇస్తేనే కానవస్తాడు.

1980 దశకంలో శ్రీశైలం జలాశయం ఏర్పడడంతో ఈ ఆలయం నీట మునిగింది; ఇప్పుడు ఏటా కొన్ని మాసాలు నీటి అడుగున ఉంటున్నది. వేసవి సమీపించి నీటిమట్టం తగ్గగా మొదట శిఖరమూ, కట్టకడపట గర్భాలయమూ బయటపడతాయి.

మేము వెళ్లినది ఎండలు ముదిరిన రోజులలో. ఆత్మకూరు మీదుగా పోయి, నెఱ్ఱెలిచ్చిన ఒండ్రునేలపై నడిచి గుడి చేరుకున్నాము. ప్రాకారం చాలవరకు శిథిలమైనది. లోపలి లింగం రాతిది కాదు, వేపకొయ్యది. ముహూర్తం మించిపోతున్నా, కాశినుండి లింగం తేబోయిన భీముడు రాకపోగా, ధర్మరాజు వేపమొద్దునే లింగంగా ప్రతిష్ఠించాడని స్థలపురాణం. వెనుక వచ్చిన భీముడు అలిగి తన లింగాన్ని విసిరివేశాడట. ముందు భీమలింగానికి మొక్కి, ఆ పిదపనే తన లింగాన్ని దర్శించవలెనని అన్నగారు కట్టడి చేశాడట. ఇంటి పెద్దకు తగిన తీర్పే!

తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అనే ఏడు నదులు ఇక్కడ కలుస్తాయని ప్రతీతి. వీటిలో భవనాశి ఒక్కటే పడమరకు పారుతుంది. అందుచేత దానిని మగనది అంటారు.

జపానులో హిరోషిమా సమీపాన ఇత్సుకుషిమా అనే షింటో ఆలయమున్నది. సముద్రం పోటెత్తినపుడు నీటిపై తేలుతున్నట్లుంటుంది. ఆటువేళ దాని ఎర్రని తోరణం దాకా నడిచి పోవచ్చును. అయితే అక్కడివారు నీటిని ఎరిగియే కట్టుకున్నారు. ఇక్కడ గుడి ముందు, నీరు తరువాత. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించారు; ఈ గుడి ఉన్నచోటనే ఉండిపోయింది. మునిగినది గుడి మాత్రమేనా? చేలు, ఇండ్లు, ఊళ్లు కూడా మునిగినవి.

ఆ నీటినే దూషిద్దామంటే నోరు రాదు. జలాశయం నిండితేనే పోతిరెడ్డిపాడు తూముల గుండా నీరు పారి నంద్యాల, కడప ప్రాంతాల పైరులు తడుస్తాయి. స్వామి ఎన్నాళ్లు బయట ఉంటే రైతుకు అన్నాళ్లు దిగులు. ఒడ్డున ఒక వృద్ధుడు, "సామి బిరీన మునిగితే మాకు బతుకు సామీ" అంటూనే గుడివైపు తిరిగి చెంపలు వేసుకున్నాడు.

వరదనీరు గడప దాటేవేళకు అర్చకులు కడపటి హారతి ఇచ్చి వెలుపలికి వస్తారు. చూడదలచినవారు ఆలోపుననే, జలాశయపు మట్టం కనుక్కొని బయలుదేరవలెను.