స్వదేశమును వెదకబోయిన రచయిత



యాత్రాగ్రంథములు తెలుగువారికి క్రొత్తవి కావు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము నుండి బయలుదేరి కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరిరి. మజిలీకి మజిలీకి దూరమెంత, నీటివసతి యెట్టిది, అంగళ్లున్నవా లేవా యని వారు వ్రాసి యుంచిన వ్రాతలే కాశీయాత్ర చరిత్రగా 1838లో అచ్చుపడినవి. వారి వెంట సుమారు నూరుమంది పరివారముండెను. నేటి ప్రసంగమునకు విషయమైన అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ మాత్రము ఒంటరిగా బయలుదేరెను. తోడు ఒక కుక్క. కుక్క తోడుగా నడచినవాడనగానే మహాప్రస్థానమున ధర్మరాజు స్ఫురించుట సహజమే గాని, ధర్మరాజు దేశమును విడిచి పోయినవాడు. స్టైన్‌బెక్ పుట్టిన దేశమును మరల పట్టుకొనవలెనని పోయినవాడు. ఆ యాత్ర 1960లో జరిగినది. ఆ కుక్క పేరు చార్లీ. చార్లీతో చేసిన ఆ ప్రయాణములను గూర్చి అతడు వ్రాసిన గ్రంథము 1962లో వెలువడినది.

స్టైన్‌బెక్ 1902లో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి సలీనాస్ అను ఊర జన్మించెను. తండ్రి ఆ జిల్లా ఖజానాదారు, తల్లి పెండ్లికి ముందు బడిపంతులమ్మ. అనగా ఒకవైపు లెక్క, ఒకవైపు అక్షరము. ఆ లోయ యంతయు వ్యవసాయపు నేల. యౌవనమున అతడు పొలములలో కూలివారితో కలిసి పని చేసినవాడు కనుక వారి మాట, వారి ఆకలి అతనికి తెలియును. 1939లో వెలువడిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' అను నవల అతనికి గొప్ప కీర్తి తెచ్చినది. అనావృష్టి చేతను, ధూళి తుపానుల చేతను, అప్పుల చేతను భూములు పోగొట్టుకొన్న ఓక్లహోమా కౌలుదార్లు కాలిఫోర్నియాకు వలసపోయి, అచ్చట కూలికి నోచక పడిన పాట్లు అందలి కథ. పెద్ద భూస్వాములకు అది కంటగింపయ్యెను. అదే సంవత్సరము ఆగష్టులో కెర్న్ జిల్లా అధికారవర్గము ఆ పుస్తకము తమ గ్రంథాలయములలోను, పాఠశాలలలోను ఉండరాదని తీర్మానించినది. ఆ జిల్లా గ్రంథాలయాధికారిణి గ్రెచెన్ నీఫ్ అను నామె, పుస్తకమును నిషేధించుట ప్రమాదకరమని తన పై అధికారులకే లేఖ వ్రాసెను. ఉద్యోగమునందుండి అట్లు వ్రాయుటకు ఎంత గుండె నిబ్బరము కావలెనో ఉద్యోగము చేసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. నిషేధము 1941 జనవరి వరకు తొలగలేదు.

ఇట్టి రచయిత 1960 నాటికి ఏబది యెనిమిది యేండ్లవాడు. స్వస్థలము విడిచి అమెరికా తూర్పు తీరమున న్యూయార్కు ప్రాంతమున స్థిరపడి చాల కాలమైనది. నడుమ ఐరోపాలోను కాలము గడపెను. తాను ఏ దేశమును గూర్చి వ్రాయుచున్నాడో ఆ దేశమును ఇరువది యైదేండ్లుగా కంటితో చూడలేదనియు, జ్ఞాపకము నుండి తోడి వ్రాయుచున్నాడనియు అతనికి తోచినది. పూర్వము కరణీకము సాగిన దినములలో కొందరు కరణములు చేను గట్టు త్రొక్కకయే, ఇంటి అరుగుపై కూర్చుండి నిరుటి అడంగలు చూచి ఈ యేటి పైరు వ్రాసెడివారు. నిరుడు వరి యున్న చేనిలో ఈ యేడు జొన్న యున్నను అడంగలులో వరియే నిలిచెడిది. అజమాయిషీకి వచ్చిన తాసీల్దారు ఆ చేను చూడగోరినప్పుడు గదా కష్టము! స్టైన్‌బెక్‌కు ఏ తాసీల్దారును లేడు. తన వ్రాతకు తానే అజమాయిషీ చేసికొనవలెనని బయలుదేరెను. అందును అంతకు ముందటి సంవత్సరాంతమున జబ్బుపడి లేచినవాడు. పెద్ద వయసున వైద్యులు, ఇంటివారు మనుష్యుని పసివానిగా చేసి కూర్చుండబెట్టుట అతనికి గిట్టలేదు.

ప్రయాణమునకు ఒక ట్రక్కును సిద్ధము చేయించి, దాని మీద చిన్న యిల్లు కట్టించెను. పడక, పొయ్యి, వ్రాతబల్ల అన్నియు అందే. దానికి రోసినాంతె అని పేరు పెట్టెను. స్పెయిను దేశపు సెర్వాంటెస్ వ్రాసిన ప్రసిద్ధ నవలలో, పాత వీరగాథలు చదివి చదివి తానును వీరుడనని నమ్మి, గాలిమరలను రాక్షసులనుకొని పోరాడిన ముసలి డాన్ కిహోటె అనువాడు కలడు. ఆ బక్కగుఱ్ఱము పేరే రోసినాంతె. ఆ పేరు పెట్టుకొన్నవానికి తన సాహసమును చూచి తానే నవ్వుకొను శక్తి యున్నదని తెలియుచున్నది. చార్లీ ఫ్రాన్సులో పుట్టిన పూడిల్ జాతి కుక్క; పదేండ్ల వయసుది. బయలుదేరుటకు కొద్ది దినముల ముందు, సెప్టెంబరు 12న, డోనా అను పెనుతుపాను ఆ తీరమును కొట్టినది. స్టైన్‌బెక్ ఆ గాలివానలోనే నీట దిగి తన పడవను కాపాడుకొనెను. పిదప సెప్టెంబరు 23న సాగ్ హార్బరు నుండి బయలుదేరెను.

బయలుదేరకముందే అతడొక విశేషమును కనిపెట్టెను. బండిని చూడవచ్చిన ప్రతివాని కన్నులలోను ఒకే కోరిక: తానును పోవలెనని. ఎచ్చటికని అడిగిన చెప్పలేరు. ఇచ్చట నుండి ఎచ్చటికైనను సరే. దారి పొడవున ప్రతి రాష్ట్రములోను ఆ చూపే అతనికి ఎదురయ్యెను. తాతముత్తాతలు సముద్రము దాటి వచ్చిన జాతికి స్థిరత్వము రుచింపదేమో యని అతడు తలపోసెను. తరతరములు ఒకే గట్టున పుట్టి, అచ్చటనే పోయెడి పల్లెవారికి ఇది వింతగా తోచవచ్చును. కాని పల్లెలలోను, పట్నము బస్సు వచ్చి ఆగినప్పుడు పిల్లలు దానివైపు చూచు చూపును గమనించినవారికి అంత వింత కాదు.

ఉత్తరమున మేయిన్ రాష్ట్రములో బంగాళాదుంపల త్రవ్వకము జరుగుచుండెను. సరిహద్దు దాటి కెనడా నుండి ఫ్రెంచి మాటలాడు కూలివారు కుటుంబములతో సహా వచ్చి, డేరాలు వేసికొని, ఆ ఋతువు పని ముగించుకొని తిరిగి పోవుచుందురు. పల్నాటికి మిరపకోతలకు పోవు కూలి కుటుంబములను చూచినవారికి ఈ దృశ్యము కన్నులకు కట్టును. వారి చెంత బండి నిలిపి స్టైన్‌బెక్ తాను కదలక కుక్కను వదలెను. చార్లీ పోయి వారి వంటపొయ్యిల చుట్టు తిరిగెను. దానిని పిలుచుకొని పోవు నెపమున ఇతడు వారిని పలుకరించెను. చార్లీ పుట్టినది ఫ్రాన్సు, వారు మాటలాడునది ఫ్రెంచి. ఇంతకన్న పరిచయమునకు ఏమి కావలెను? ఆ రాత్రి కూలివారందరు వచ్చి ఆ ఇరుకు బండియింటిలో ఒదిగి కూర్చుండి అతని ఆతిథ్యమును స్వీకరించిరి. పుస్తకమంతటిలోను ఇంత ఆప్యాయత గల పుటలు తక్కువ.

ఆ పిమ్మట నయాగరా దగ్గర కెనడా మీదుగా అడ్డదారిన పోవలెనని చూడగా సరిహద్దు ఉద్యోగి కుక్కకు పిచ్చికుక్క రోగపు టీకా వేయించిన కాగితమున్నదా యని అడిగెను. లేదు. కెనడావారికి దానితో పట్టింపు లేదట. కాని తిరిగి స్వదేశమున ప్రవేశించునప్పుడు అమెరికావారు అడ్డగింతురట. కాగితము లేక వెనుకకు మరలగా, దాటని సరిహద్దును గూర్చి సొంత దేశపు ఉద్యోగులు ప్రశ్నలు కురిపించిరి. కచ్చేరీల చుట్టు తిరిగినవారు ఈ ఘట్టమును చదివి నవ్వకుండ ఉండలేరు.

నడిమి రాష్ట్రములను గూర్చి క్లుప్తముగా చెప్పుకొనవచ్చును. 1956 చట్టము వలన దేశమంతట పెద్ద రహదారులు పడుచుండెను. అవి పూర్తియైనచో న్యూయార్కు నుండి కాలిఫోర్నియా దాక పోయియు ఏమియు చూడకుండ పోవచ్చునని అతడు ఎగతాళి చేసెను. రేడియో, టెలివిజనుల మూలమున ప్రాంతమునకొక తీరుగానున్న పలుకుబడి కరగి అందరిది ఒకే మాటగా మారుచున్నదని బాధపడెను. కోస్తా యాస, రాయలసీమ యాస, తెలంగాణ యాస గల భాషవారికి ఈ బాధ యేమిటో తెలియును. అది ఎన్నికల సంవత్సరము. కెనెడీ, నిక్సనుల పోటీ. అయినను దారిలో మనుష్యులు గట్టిగా వాదించుకొనుట అతనికి అంతగా వినబడలేదు. మొంటానా రాష్ట్రము మీద మాత్రము అతనికి వలపు పుట్టెను.

తరువాత పుట్టినచోటు వచ్చినది. దానికొరకే గదా ఇంత దూరము పోవుట! అచ్చట అప్పచెల్లెండ్రతో ఎన్నికల మీద తగవు. వారు ఒక పక్షము, ఇతడు ఇంకొక పక్షము. పాత స్నేహితుని సారాయి అంగడిలో, ఇంటికి తిరిగి రావలసినదని అతడు ప్రాధేయపడెను. స్టైన్‌బెక్ పోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా చెప్పసాగెను. అతని ప్రాణమిత్రుడు ఎడ్ రికెట్స్ 1948లో రైలు ప్రమాదమున మరణించియుండెను. చచ్చినవారు జ్ఞాపకములో మారక నిలిచియుందురు. బ్రతికియుండి తిరిగి వచ్చినవాడే ఆ ఊరికి దయ్యమగును. ఊరు అతని కొరకు ఆగలేదు. అతడును ఊరి కొరకు ఆగలేదు. ఇందులో ఎవరి నేరమును లేదు. పరదేశములకు ఉద్యోగార్థము పోయి ముప్పది యేండ్లకు వచ్చి, తమ వీథిని తాము గుర్తింపలేక, పాత వేపచెట్టును అడిగి లేదని తెలిసికొని చిన్నబోవు తెలుగుబిడ్డలు నేడు ఊరూర కలరు. వారి చేతికి ఈయదగిన అధ్యాయమిది. పిదప అతడు ఫ్రీమాంట్ శిఖరమెక్కి, ఆ లోయను కన్నులార చూచి దిగిపోయెను. బాల్యమున ఆ శిఖరము మీదనే తన్ను పాతిపెట్టవలెనని కోరుకొన్నవాడతడు.

మొహావే ఎడారిలో రెండు కాయోటీలు, అనగా గుంటనక్కల వంటి జంతువులు, కనబడగా తుపాకి గురిపెట్టి, కాల్చక దించి, వాని కొరకు రెండు డబ్బాల కుక్క తిండి తెరచి పెట్టిపోయెను.

చివరకు దక్షిణమున న్యూ ఆర్లియన్స్ నగరము. నల్లజాతి పిల్లలను వేరు బడులలో ఉంచుట చెల్లదని అత్యున్నత న్యాయస్థానము 1954లోనే తీర్పు చెప్పినను, దక్షిణ రాష్ట్రములు కదలలేదు. 1960 నవంబరు 14న రూబీ బ్రిడ్జెస్ అను ఆరేండ్ల నల్లజాతి బాలిక అంతవరకు తెల్లవారి పిల్లలకే పరిమితమైన విలియమ్ ఫ్రాంట్జ్ పాఠశాలలో అడుగిడినది. ఇరుప్రక్కల కేంద్ర ప్రభుత్వపు రక్షక భటులు నడువవలసి వచ్చెను. తెల్లవారు తమ పిల్లలను బడి మాన్పించిరి. బార్బరా హెన్రీ అను ఉపాధ్యాయురాలు ఆ యేడంతయు ఖాళీ తరగతిలో ఆ ఒక్క బిడ్డకు పాఠము చెప్పెను. ఉదయము ఆ బిడ్డ రాకకు కాచియుండి బూతులు తిట్టు స్త్రీలకు పత్రికలవారు 'చీర్‌లీడర్లు' అని పేరు పెట్టిరి. స్టైన్‌బెక్ ఆ గుంపులో నిలిచి చూచెను. పత్రికలు అచ్చువేయజాలని ఆ మాటలు వినెను. తల్లుల వయసు స్త్రీలు, చప్పట్ల కొరకును, కెమెరాల కొరకును, నాటకమాడువారివలె ఒక పసిదానిని తిట్టుట! అదియు అతని స్వదేశమే. అతనికి కడుపులో దేవినట్లయినది. ఆ నగరమున రుచికరమైన భోజనము చేయవలెనని అనుకొన్నవాడు ముద్ద దిగక బయటపడెను. దారిలో ఒక నల్లజాతి వృద్ధుని బండి యెక్కించుకొనగా, ఆ వృద్ధుడు ప్రశ్నలకు బెదరి, నడచి పోయెదనని దిగిపోయెనట. వర్జీనియాలోని ఆబింగ్డన్ చేరునప్పటికి అతని మనస్సులో యాత్ర ముగిసిపోయినది. తక్కిన దారి ఏమియు చూడక తోలుకొని పోయెను; తన న్యూయార్కు నగరములోనే దారి తప్పెను.

ఇంతవరకు పుస్తకము. ఇక దాని లెక్క. 2010లో బిల్ స్టైగర్‌వాల్డ్ అను పత్రికారచయిత ఆ దారినంతయు తిరిగి, మోర్గన్ గ్రంథాలయములో భద్రపరచిన వ్రాతప్రతిని పట్టి చూచెను. గ్రంథములో ఒంటరితనముగా కనబడు దినములలో అనేక దినములు భార్య ఎలేన్ వెంట నుండెననియు, బండిలో కంటె మంచి హోటళ్లలో గడచిన రాత్రులే ఎక్కువయనియు, కొన్ని సంభాషణలు కల్పితములుగా తోచుచున్నవనియు వెల్లడించెను. 2012 నాటి ముద్రణకు పీఠిక వ్రాసిన జే పరీనియు దీనిని అక్షరాల నమ్మవలదని హెచ్చరించెను. నవలాకారుడు గదా, కల్పింపక మానునా యని సమర్థించువారు కలరు. ఆ సమర్థన చాలదు. గట్టు త్రొక్కితినని వ్రాసినవాడు త్రొక్కియే యుండవలెను. త్రొక్కనిచోట త్రొక్కలేదని వ్రాసిన పుస్తకము విలువ తగ్గెడిది కాదు. అయినను లెక్క తప్పినదని దస్తరమంతయు పారవేయుట తెలివి కాదు. న్యూ ఆర్లియన్స్ ఘట్టమునకు వేయి సాక్ష్యములున్నవి. ఆ బాలిక పెరిగి పెద్దదై తానే చెప్పినది. సలీనాస్‌లో అతడు పడిన వేదనను ఏ హోటలు బిల్లును అబద్ధము చేయజాలదు. తన దారినే వేరొకడు పోయినచో వేరొక దేశమును చూచునని అతడును ఆ గ్రంథములోనే ఒప్పుకొనియున్నాడు. రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుట మేలు.

1962లోనే స్టైన్‌బెక్‌కు నోబెల్ బహుమతి వచ్చినది. 1963లో చార్లీ పోయినది. 1968 డిసెంబరు 20న న్యూయార్కులో అతడు మరణించెను. అస్థికలను సలీనాస్‌కు తెచ్చి, కుటుంబపు సమాధుల చెంత ఉంచిరి. రోసినాంతె బండియు ఆ ఊరికే చేరి, 1998లో తెరచిన స్టైన్‌బెక్ కేంద్రమున ప్రదర్శనకు నిలిచినది. ఆ ఊరి గ్రంథాలయమునకు అతని పేరే పెట్టిరి. 2004లో డబ్బు చాలదని నగరపాలకులు ఊరిలోని గ్రంథాలయములనన్నింటిని మూసివేయ నిశ్చయించిరి. చందాలు పోగుచేసి కొంతకాలము నడిపించిరి. 2005 నవంబరులో సలీనాస్ ఓటర్లు తమ అమ్మకపు పన్నును తామే అర సెంటు పెంచుకొని, ఆ తలుపులు మూతపడకుండ చేసికొనిరి.